మార్చురీలో చైర్మన్ గారు

కుటుంబ కంపెనీలు కలకాలం నిలిచేలా చూడడానికి ప్రభుత్వం 'జాతీయ వారసత్వ స్థిరత్వ మండలి'ని స్థాపించిందనీ, దానికి అధ్యక్షులుగా ప్రముఖ మర్చంట్ బ్యాంకర్ లెస్లీ బంఫో గారిని నియమించిందనీ సోమవారం పొద్దున్న రేడియోలో చెప్పారు. వార్త తరవాత జాతీయ గీతం వేశారు. మామూలుగా వెయ్యరు. ఎవరో పొరపాటున వేశారని రాజధాని అక్రాలో అనుకున్నారట గానీ, మా ఊరు కుమాసిలో మేమంతా లేచి నిలబడ్డాం.

బంఫో గారు నాకు బాగా తెలుసు. పెద్ద సంత వెనక నాకో ప్రింటింగ్ ప్రెస్ ఉంది. చావు పోస్టర్లు వేస్తాను. మా ఊళ్లో మనిషి పోతే మొదటి కబురు పాస్టరుగారికి, రెండోది నాకు. ఆదివారాలు మెథడిస్టు చర్చిలో చందా పళ్ళెం పట్టుకుని తిరుగుతాను. కాబట్టి పెద్ద కుటుంబాల సంగతి నాకు రెండు వైపుల నుంచీ తెలుస్తుంది. బతికుండగా పళ్ళెంలో ఏం వేశారో తెలుసు, పోయాక పోస్టరులో ఏం వేయించుకున్నారో తెలుసు.

మర్చంట్ బ్యాంకర్ అంటే ఏమిటో మొదట్లో నాకు తెలియదు. ఆయన్నే అడిగాను.

"మీ బ్యాంకులో డబ్బు దాచుకోవచ్చాండీ?"

"కుదరదు."

"అప్పిస్తారా?"

"ఇవ్వం."

"మరేం చేస్తారండీ?"

"సలహా ఇస్తాం" అన్నారు. ఆ మాట అన్న తీరుకి నేను టోపీ తీసేశాను.

లండన్లో చదువుకుని వచ్చారు. మిట్టమధ్యాహ్నం కూడా కోటు విప్పరు, చెమట పట్టదు. మొదట ఆయన సలహా పుచ్చుకున్నది బస్సుల కంపెనీ సార్ఫో సోదరులు. అన్నదమ్ములకి మాటల్లేవు. మా వైపు రాజుగారితో ఎవరూ నేరుగా మాట్లాడరు. మధ్యలో ఒక వాక్కుదారు నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ అందంగా చేరవేస్తాడు. బంఫో గారు అన్నదమ్ముల మధ్య కుర్చీ వేసుకుని ఆ పని మొదలుపెట్టారు. రసీదు పుస్తకాల ఆర్డరు కోసం వెళ్ళి నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"ఆ తాగుబోతు వెధవకి స్టీరింగ్ ఏ పక్కనుంటుందో కూడా తెలీదని చెప్పండి" అన్నాడు అన్న.

బంఫో గారు తమ్ముడి వైపు తిరిగారు. "యాజమాన్య నైపుణ్యాల మీద మీ అన్నగారు కొంత ఆందోళన వ్యక్తం చేస్తున్నారు."

"ముందు వాణ్ణి అద్దంలో మొహం చూసుకోమనండి."

"మీ తమ్ముడుగారు ఆత్మపరిశీలనని స్వాగతిస్తున్నారు."

చివరికి కంపెనీని రెండుగా పంచారు. అన్నకి బస్సులు వచ్చాయి. తమ్ముడికి రూట్లు వచ్చాయి. ఈనాటికీ ఆ బస్సులు షెడ్డులోంచి కదల్లేదు, కాబట్టి ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఆ ఏడాది ఉత్తమ సలహాదారు బహుమతి బంఫో గారిదే.

ఆ తరవాత సబ్బుల బెడియాకో పోయారు.

పామాయిల్‌తో నల్లసబ్బు కాచి అమ్ముతూ మొదలుపెట్టి ఫ్యాక్టరీ కట్టిన మనిషి. ప్రతిదానికీ అడ్డు చెప్పేవారు. నూనె వాసన తేడాగా ఉందంటే డ్రమ్ములకి డ్రమ్ములు వెనక్కి పంపేవారు. నా పోస్టర్లలో అక్షరాలు వంకరని కూడా తిట్టేవారు, వంకరగానే ఉండేవి. ఆయన భార్య డుఫీ అమ్మగారు బాయిలర్ల దగ్గర పని చూసుకునేది. పోస్టరు వేయించడానికి ఆవిడే వచ్చింది.

"సొంతూరు మాంపాంగ్‌లో వాళ్ళమ్మ పక్కన పాతిపెట్టమన్నారు అన్నా. ఆలస్యం చెయ్యొద్దని మరీ మరీ చెప్పారు. శనివారం అని వెయ్యి" అంది.

ప్రూఫు తీస్తుండగా బంఫో గారు కోటుతో సహా దిగారు. వారసత్వం అంటే మాకు కొడుకులు కాదు, అక్కచెల్లెళ్ళ కొడుకులు. వాళ్ళలో ఎవరన్నది కుటుంబ పెద్దలు కూర్చుని తేల్చాలి. కానీ ఆ కూర్చోడం అంత్యక్రియలు అయ్యాకే. శవం మట్టిలోకి వెళ్ళేదాకా వారసుడి మాట ఎత్తడం తప్పు. మా తాతల కాలం నుంచీ ఉన్న ఈ ఆచారంలో అంత అవకాశం ఉందని లండన్ వెళ్ళొచ్చిన మనిషికే తట్టింది.

"ఖననం తేదీ ఎత్తెయ్యండి" అన్నారు.

"తేదీ లేకుండా చావు పోస్టరు ఎలాగండీ?"

"అందుకే 'ప్రభువు సన్నిధికి చేరారు' కూడా ఎత్తెయ్యండి."

ఎత్తేశాను. ఫొటో, పేరు, 'మా ప్రియతమ చైర్మన్' అన్న మాట మిగిలాయి.

"చూశారా, ఎంత ఆరోగ్యంగా ఉందో! కింద పన్నెండు నెలలు కలిపి క్యాలెండరు వేసెయ్యండి."

డుఫీ అమ్మగారు నల్లబట్ట చెంగు గట్టిగా పట్టుకుంది. "బాబూ, మా ఆయన పోయాడయ్యా" అంది.

"అమ్మగారూ, అది డాక్టర్ల అభిప్రాయం. కంపెనీ దృష్టిలో ఆయన కొంత అందుబాటులో లేరు, అంతే."

"మరి మట్టెప్పుడు చేస్తారు?"

"మార్కెట్ కుదురుకోనివ్వండి."

కుటుంబ పెద్ద అడోమాకో తాత ఒప్పుకోడని ఊరంతా అనుకున్నాం. బంఫో గారు రెండు సారా సీసాలు పట్టుకుని వెళ్ళారు. పెద్దల ముందు ఏ సంగతైనా మేము సీసాతోనే మొదలుపెడతాం. సీసా పుచ్చుకున్న పెద్ద ఆ మాటకి ఒప్పుకున్నట్టే, మళ్ళీ వెనక్కి తీసుకోడానికి ఉండదు. తాత సీసా ఎత్తి వెలుగులో చూశాడు. "శవాన్ని కొన్నాళ్ళు ఉంచడం మనకి కొత్తేం కాదులే. కానీ ఏదో ఒక కారణం ఉండాలి కదయ్యా" అన్నాడు.

"స్థిరత్వం, పెద్దయ్యా."

"అదీ ఒక కారణమే" అని తాత మూత తీశాడు.

మేనల్లుడు ట్వుమాసి మాత్రం ఎగిరిపడ్డాడు. సంతలో ఫోన్లు అమ్ముకునేవాడు. "మామయ్యని పాతిపెడతారా లేదా? నా సబ్బులు నాకు రావాలా వద్దా?" అని నా ప్రెస్సు ముందే అరిచాడు. బంఫో గారు భుజం మీద చెయ్యి వేశారు.

"మీకు తమ్ముళ్ళెంతమంది?"

"ముగ్గురు."

"పాతిపెట్టగానే పెద్దలు నలుగురిలో ఒకర్ని ఎంచుతారు. ఈలోపు కంపెనీలో 'కాబోయే వారసుడు' అన్న పదవి మీ ఒక్కరిదే. జీపు కూడా ఉంటుంది."

ట్వుమాసి కాసేపు ఆలోచించాడు. "ఇలాంటివి తొందరపడకూడదు సార్" అన్నాడు.

బోర్డు సమావేశాలు మార్చురీ వరండాలోకి మారాయి. డైరెక్టర్లు స్వెట్టర్లు కొనుక్కున్నారు. లోపలి తలుపు తెరిచే అవసరం ఎప్పుడూ రాలేదు. తీర్మానం చదవడం, ఆ తలుపు వైపు చూడడం, కాసేపు ఆగడం, 'చైర్మన్ గారు అభ్యంతరం చెప్పలేదు' అని రాసుకోవడం. అంత సాఫీగా బోర్డు నడవడం ఆ కంపెనీ చరిత్రలో అదే మొదలు. సబ్బులో నూనె తగ్గించారు, అభ్యంతరం లేదు. సబ్బు సగానికి చిక్కింది, అభ్యంతరం లేదు. డుఫీ అమ్మగారు కొత్త సబ్బొకటి తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది.

"ఆయనే ఉంటే దీన్ని ఎత్తి మీ మొహాన కొట్టేవాడు."

"ఆయన ఉన్నారు అమ్మగారూ" అన్నారు బంఫో గారు ఎంతో గౌరవంగా. "ఏమీ అనలేదు."

కంపెనీలో సగం కొనడానికి ఒక డచ్చి కంపెనీ వచ్చింది. వ్యవస్థాపకుడు చైర్మన్‌గా ఉంటేనే కొంటామన్నారు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. "చాలా నిలకడగా ఉంది" అన్నారు బంఫో గారు. ఆయన అబద్ధమాడగా నేను వినలేదు.

ఇక ఊళ్లో ప్రతి కుటుంబానికీ స్థిరత్వం కావాల్సి వచ్చింది. పరుపుల వాళ్ళు, బిస్కట్ల వాళ్ళు, రేకుల వాళ్ళు, అందరూ తమ పెద్దల్ని చైర్మన్లుగానే ఉంచుకున్నారు. నాకు పోస్టర్లు తగ్గి క్యాలెండర్లు పెరిగాయి. మార్చురీలో చోటు చాలక కొత్త బ్లాకు కట్టారు. దానికి సలహా బంఫో గారిదే. బీదవాళ్ళకి అందులో చోటు దొరకలేదు. వాళ్ళు మాత్రం పాపం, ఎప్పటిలాగే ఏడ్చి, ఆ శనివారమే పూడ్చేసుకునేవాళ్ళు. వాళ్ళకి కంపెనీల్లేవు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక డుఫీ అమ్మగారు నా దగ్గర ఆగింది. "అన్నా, నువ్వు రోజూ బైబిలు చదువుతావు కదా. మనిషిని మట్టికి ఇవ్వడానికి బోర్డు ఒప్పుకోవాలని ఎక్కడన్నా ఉందా?"

"నా కంటికి కనపళ్ళేదమ్మా" అన్నాను. "కావాలంటే మళ్ళీ చూస్తాను."

"వద్దులే" అని, పాస్టరుగారితో మాట్లాడాలని ఆయన గది బయట బెంచీ మీద కూర్చుంది.

ఇదంతా అక్రా దాకా పాకి, చివరికి మండలీ, రేడియో వార్తా వచ్చాయి. మండలి మొదటి పనిగా దేశంలోకెల్లా స్థిరమైన చైర్మన్‌గా బెడియాకో గారికి పతకం ఇవ్వాలని తీర్మానించింది. పరిశ్రమల మంత్రిగారు స్వయంగా వచ్చి మెడలో వేస్తామన్నారు. గ్రహీత రాలేరు గనక తామే వెళ్తామన్నారు. ఆయన వినయానికి పత్రికలన్నీ మురిసిపోయాయి.

ఆ రోజు మార్చురీ వాకిట్లో పందిరి వేశారు. బ్యాండు వచ్చింది. టీవీ వాళ్ళు వచ్చారు. డచ్చి ఆయన మా పద్ధతిలో బట్ట భుజం మీదుగా చుట్టుకుని వచ్చాడు, అది జారుతుంటే పట్టుకోడమే సరిపోయింది. అభినందన పత్రం అచ్చువేసింది నేనే గనక నన్నూ లోపలికి రానిచ్చారు.

కాపలాదారు యార్కో తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "లోపల చలండీ. పతకం నాకివ్వండి, నేను పెట్టేస్తాను."

"తప్పుకోవయ్యా" అన్నారు మంత్రిగారు. "దేశం తరఫున నా చేత్తో వెయ్యాలి."

యార్కో డుఫీ అమ్మగారి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. అతను తలుపు తీసి, శవాన్ని ఉంచే సొరుగు లాగాడు.

లోపల మడతపెట్టిన దుప్పటీ, ఒక దిండూ ఉన్నాయి.

బ్యాండు ఒక్కొక్క వాయిద్యంగా ఆగిపోయింది. చివర్న డోలు ఆగింది.

"చైర్మన్ గారేరి?" అన్నారు మంత్రిగారు.

"మాంపాంగ్‌లో" అంది డుఫీ అమ్మగారు. "వాళ్ళమ్మ పక్కన. ఈస్టర్ అయ్యాక వచ్చిన శనివారం తీసుకెళ్ళాం. పాస్టరుగారు వచ్చారు, బాయిలర్ల దగ్గర పనివాళ్ళు వచ్చారు. ఆయనకిష్టమైన పాట పాడుకున్నాం. పోయేముందు ఆయన అడిగింది అదొక్కటే అయ్యా."

"శవాన్ని ఎవరు ఇమ్మన్నార్రా నిన్ను?" అని ట్వుమాసి యార్కో మీదకి వెళ్ళాడు.

"ఇన్నాళ్ళలో ఆయన కోసం వచ్చింది అమ్మగారొక్కరేనండీ" అన్నాడు యార్కో. "ఇచ్చేశాను."

ట్వుమాసి తమ్ముళ్ళు ముగ్గురూ ఒక్కసారిగా అడోమాకో తాత వైపు తిరిగారు. తాత తన చెప్పుల్ని పరీక్షగా చూసుకుంటున్నాడు. మంత్రిగారు పెదవులు కదపకుండా, "బంఫో, కెమెరాలు తిరుగుతున్నాయి" అన్నారు.

బంఫో గారి నుదుటి మీద చెమట కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. ఆయన ముందుకు వచ్చి దుప్పటి మడత విప్పి, సొరుగు పొడుగునా పరిచి, ముడతలు సవరించారు. దిండుని కొంచెం ఎత్తుగా ఆనించారు. మంత్రిగారికి దారిచ్చి పక్కన నిలబడ్డారు. మంత్రిగారు గొంతు సవరించుకుని, వంగి, పతకాన్ని దిండు మీద పెట్టి, దేశం తరఫున రెండు ముక్కలు మాట్లాడారు. డచ్చి ఆయన చప్పట్లు కొట్టబోతే బట్ట జారింది. డైరెక్టర్లు కొట్టారు. కాసేపటికి అందరూ కొట్టారు.

డుఫీ అమ్మగారు అప్పటికే గేటు దాటి వెళ్ళిపోతోంది.

"సార్, తొందరగా మూసెయ్యండి" అన్నాడు యార్కో. "చలంతా బయటికి పోతోంది."

"నిజమే" అన్నారు బంఫో గారు. చప్పుడు కాకుండా, రెండు చేతులతో మెల్లగా సొరుగుని లోపలికి తోశారు. మా అందరి వైపూ తిరిగి గొంతు తగ్గించారు.

"ఇక బయల్దేరదాం. చైర్మన్ గారు అలిసిపోయారు."