ఇరవై మూడు కాలమ్‌ల షుగరు రిజిస్టరు

బళ్ళారి పక్కన సంగనకల్లులో మధుమేహం పూర్తిగా అదుపులోకి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రస్తుతానికి కాగితం మీద వచ్చింది. మన దేశంలో ఏదైనా ముందు కాగితం మీదే అదుపులోకి వస్తుందనీ, తక్కినది తీరిక దొరికినప్పుడు జరుగుతుందనీ మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ ఘనకార్యానికి మూలపురుషుడు గురుస్వామి.

గురుస్వామి ఒక సర్కారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు వాన కొలిచినవాడు. పొద్దున ఎనిమిదిన్నరకు వర్షమాపకం దగ్గరికి పోయి, సీసాలో ఎంత నీరు పడిందో చూసి రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. బళ్ళారిలో ఎండాకాలం వాన ఎటూ పడదు కాబట్టి, మార్చి ఒకటో తారీఖునే కూర్చుని మే నెలాఖరు దాకా "వాన: లేదు" అని రాసి పెట్టుకోవడం ఆయన కనిపెట్టిన పద్ధతి. ఒక ఏడు ఏప్రిల్‌లో వడగళ్ల వాన కొట్టింది. ఆఫీసు రేకులు ఎగిరిపోయాయి. వర్షమాపకం కొట్టుకుపోయి పక్క చేలో తేలింది. రిజిస్టరులో మాత్రం ఆ రోజు "వాన: లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు రేకుల్లేని గదిలో గొడుగు కింద కూర్చుని ఆ పేజీ చూసి, ఒక్క కొట్టివేత కూడా లేదని మెచ్చుకుని వెళ్లాడు. ఆ మెచ్చుకోలు గురుస్వామి తలకెక్కి, రిటైరైనా దిగలేదు.

రిటైరైన మూడో ఏడు ఆయనకు షుగరు వచ్చింది. భార్య శరణమ్మకు అంతకు ముందే ఉంది. బళ్ళారిలో డాక్టరు మంజుశ్రీ ఇద్దరికీ చెరొక మందుచీటీ, చెరొక చిన్న అట్ట ఇచ్చింది.

"నోడప్పా, ఇట్ల చూడు, దీంట్లో నాలుగే గళ్లు. తారీఖు, తినకముందు ఎంత, తిన్న రెండు గంటలకు ఎంత, ఏం తిన్నారు. అంతే, సాకు, ఇంక చాలు. రోజూ పొద్దున పాదాలు ఒకసారి చూసుకోండి. షుగరు ఉన్నోళ్లకు కాళ్లల్లో స్పర్శ తగ్గుతుంది, దెబ్బ తగిలినా తెలీదు."

గురుస్వామికి నాలుగు గళ్లు అవమానంగా తోచాయి. "మా ఆఫీసులో పలుగూ పారా రాసే రిజిస్టరుకే తొమ్మిది కాలమ్‌లు ఉండె. మనిషి రక్తానికి నాలుగేనా?" అని దారి పొడుగునా ఆటోలో గొణిగాడు. మర్నాడే ఎర్ర గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం తెచ్చి, స్కేలు పెట్టి ఇరవై మూడు కాలమ్‌లు గీశాడు. తారీఖు, తిథి, నక్షత్రం, ఎండ, గాలి దిక్కు, పరగడుపు షుగరు, టిఫిను, టిఫిను తరవాతి షుగరు, నడక, నిద్ర, మనోస్థితి, పాదాలు, ఇలా సాగి చివర మూడు సంతకాలు. నీలం సిరాతో రాసినవారు, ఆకుపచ్చతో సరిచూసినవారు, ఎరుపుతో ధ్రువీకరించినవారు. ముగ్గురూ గురుస్వామే. అయినా ఎరుపు సంతకం పెట్టే గురుస్వామి కళ్లజోడు సర్దుకుని, నీలం గురుస్వామిని కాస్త అనుమానంగానే చూసేవాడు.

"ఏమప్పా, గాలి యా దిక్కున వీస్తాండాదో రాస్తే షుగరు తగ్గుతాదా?" అని శరణమ్మ అడిగింది.

"రికార్డంటే ఏందనుకుంటివి? నీకు తెలీదులే, పో."

శరణమ్మ పోయింది. వంటింట్లో గోడ క్యాలెండరు మీద తారీఖు పక్కన పైన ఒక అంకె, కింద ఒక అంకె వేసుకుంది. ఓళిగ, అంటే బొబ్బట్టు, తిన్నరోజు దాని చుట్టూ సున్న చుట్టింది. పెన్ను క్యాలెండరుకే దారంతో కట్టి ఉండేది. ఇంత అనాగరికమైన రికార్డు తన ఇంట్లోనే ఉండటం గురుస్వామికి తలవంపుగా ఉండేది. చుట్టాలు వస్తే వంటింటి తలుపు దగ్గరగా వేసేవాడు.

ఇక కొలత. వేలికి సూది గుచ్చుకోవడం గురుస్వామికి భయం. అందుకని వారానికొకసారి గుచ్చుకునేవాడు, అదీ సోమవారం. సోమవారం శివుడికి ఒక్కపొద్దు. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లతో ఉన్న మనిషి షుగరు నూటపన్నెండుకు మించి ఎక్కడికి పోతుంది? కొలత తప్పిన రోజులకు పక్కరోజుల సగటు రాయవచ్చని ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒక సోమవారానికీ మరో సోమవారానికీ సగటు తీస్తే వారమంతా నూటపన్నెండే వచ్చేది. మంగళవారం బస్టాండు దగ్గర రెండు ప్లేట్ల ఉగ్గానీ, నాలుగు మిరపకాయ బజ్జీలూ తిని వచ్చినా, ఆహారం కాలమ్‌లో "జొన్న రొట్టె ఒకటి, ఆకుకూర పప్పు" అని ఉండేది. అబద్ధం కాదు, సోమవారం రాత్రి తిన్నది అదే. నడక, పాదాలు అనే రెండు కాలమ్‌లు మాత్రం రోజూ మారేవి కావు గనక వాటిని ఒకే మధ్యాహ్నం కూర్చుని, చివరి సంతకాలతో సహా ఉగాది దాకా నింపేశాడు. "నడక: నాలుగు కిలోమీటర్లు. పాదాలు: బాగున్నాయి."

డాక్టరు దగ్గరికి పోవడానికి మూడు రోజుల ముందునుంచీ కాకరకాయ కూరా, కొర్ర అన్నమూ తినేవాడు. తనిఖీకి ముందు ఆఫీసుకు సున్నం కొట్టించినట్టే ఇదీ. ఆ రోజు రక్తం తీసినా అంకె మర్యాదగా ఉండేది. మంజుశ్రీ రిజిస్టరు తిప్పి చూసి, "బాగుండాది. మందు పెంచే పని లేదు" అంది. మందు పెరగలేదు. లోపల పెరగవలసింది పెరిగింది.

రిజిస్టరు కీర్తి ఊళ్లోని మధుమేహుల సంక్షేమ సంఘానికి చేరింది. అధ్యక్షుడు వెంకటకృష్ణయ్య స్వయంగా వచ్చి చూసి పులకించాడు. నలభై ఎనిమిది మంది సభ్యులూ జిరాక్సు తీయించుకున్నారు. కొందరు బద్ధకస్థులు అంకెలతో సహా తీయించుకున్నారు. నెల తిరగకుండా ఊళ్లో ఏ మధుమేహిని అడిగినా షుగరు నూటపన్నెండు, గాలి పడమర. నవంబరులో మధుమేహ దినం వచ్చింది. సంఘం సభ పెట్టి గురుస్వామికి "ఆదర్శ మధుమేహి" బిరుదు ప్రకటించింది. వెంకటకృష్ణయ్య చేసిన ప్రసంగం మినిట్స్‌లో ఈ విధంగా నమోదైంది:

"సోదర సోదరీమణులారా! వ్యాధి అందరికీ వస్తుంది. రికార్డు కొందరికే వస్తుంది. గురుస్వామి గారు తమ రక్తాన్ని క్రమశిక్షణలో పెట్టిన మహనీయులు. రోజుకు నాలుగు కిలోమీటర్లు నడుస్తున్న ఆ పాదాలకు మన సంఘం తరపున ఈ కొత్త బూట్లు సమర్పించుకుంటున్నాం. ఇప్పుడే వారు ఈ బూట్లతో గుట్ట దాకా అవగాహన నడకకు నాయకత్వం వహిస్తారు!"

గురుస్వామి గతుక్కుమన్నాడు. ఇంటినుంచి ఆటోస్టాండు దాటి ఆయన నడిచి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. కానీ రిజిస్టరు నడుస్తానంటోంది, రిజిస్టరు మాట కాదనడం ఆయన వంశంలో లేదు. బూట్లు ఒక సైజు చిన్నవి. మెడలో దండతో, చేతిలో జెండాతో గుట్ట దాకా పోయి వచ్చాడు. కుడికాలి బొటనవేలి పక్క వేలికి బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు. నొప్పి తెలియలేదు కాబట్టి తన ఆరోగ్యం భేషుగ్గా ఉందనుకున్నాడు.

వారం తరవాత శరణమ్మ చాప దులుపుతూ ఆగింది.

"ఏమప్పా, చాప మీద రసి మరక ఉండాది. కాలు సూడు ఒగసారి."

"పాదాలు బాగుండాయి. పుస్తకంలో రాసి ఉండాది గదా."

"పుస్తకం కాదప్పా, కాలు సూడమంటాండా."

"రాసినంక మళ్ల సూసేదేంది?"

ఇది జరిగిన నాలుగో రోజుకు వేలు నల్లబడింది.  శరణమ్మ ఆటో పిలిచి, ఒక చేత్తో మొగుణ్ణి, ఒక చేత్తో క్యాలెండరును పట్టుకుని బళ్ళారికి బయల్దేరింది. గురుస్వామి రిజిస్టరు తెచ్చుకున్నాడు.

మంజుశ్రీ కాలు చూసింది, రిజిస్టరు చూసింది. ఇద్దరికీ మూడు నెలల సగటు పరీక్ష రాసింది. ఆ పరీక్ష ఏమిటో గురుస్వామికి తెలియదు. ఏడు లోపు ఉండాల్సింది శరణమ్మకు ఏడూ చిల్లర వచ్చింది. గురుస్వామికి పదకొండు వచ్చింది.

"మేడం, ఈ పొద్దు నేనేమీ తినలేదు గదా, యాడిదది పదకొండు?"

"ఇది ఈ పొద్దుటిది కాదప్పా. మీ ఊరి గుట్ట దగ్గర పాతకాలం బూడిద దిబ్బలు పురావస్తు శాఖోళ్లు తవ్వి, వేల ఏళ్ల కిందట అక్కడోళ్లు ఏం తిన్నారో చెప్తాండారు. ఆ పాతకాలమోళ్లు ఒక్క రిజిస్టరూ రాయలేదు. మూడు నెలలుగా మీరేం తింటాండారో మీ రక్తం నాకు చెప్పదా?" అని, క్యాలెండరు అందుకుని అర నిమిషంలో చదివేసింది. "అమ్మవి రెండే అంకెలు. ఎక్కువుండేది ఎక్కువనే రాసింది. అందుకే ఆమె మందు సరిగ్గా మార్చగలిగినా. మీ ఇరవై మూడు కాలమ్‌లు నమ్మి నేను కూడా మోసపోయినా."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్నడూ లేనిది, గురుస్వామికి చెప్పాపెట్టకుండా తనిఖీ జరిగింది.  "వేలు దక్కుతాదా మేడం?" అన్నాడు చిన్న గొంతుతో.

"పది రోజుల ముందు చూసుకుని ఉంటే దక్కేది. ఇప్పుడు పాదం దక్కించుకుందాం."

తొమ్మిది వేళ్లతో ఇంటికి వచ్చిన సాయంత్రం గురుస్వామి రిజిస్టరు తెరిచాడు. వేలు తీసిన రోజు వరసలో పాదాల గడి ఎప్పుడో నిండి ఉంది. "పాదాలు: బాగున్నాయి." చివర మూడు సంతకాలు. ఒక్క కొట్టివేత లేదు.  సిగ్గేసింది. ఆ తరవాత నవ్వూ వచ్చింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"శరణా, మళ్ల వాన లేదని రాసినా సూడు. రేకులు ఎగిరిపాయె," అన్నాడు.

శరణమ్మ క్యాలెండరు తెచ్చి ఒళ్లో పెట్టింది. దారానికి వేలాడుతున్న పెన్నుతో ఆయన ఆ తారీఖు పక్కన "వేలు తీసిరి" అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. ఆయన జీవితంలో జరిగిన రోజునే, జరిగినట్టే రాసిన మొదటి రికార్డు అదే.

మర్నాడు సంఘం పరామర్శకు వచ్చింది. వెంకటకృష్ణయ్య ముందు రిజిస్టరు తీసి చూసి, "వేలు పోతే పోయింది, రికార్డు చెక్కుచెదరలేదు" అని ఓదార్చాడు. గురుస్వామి క్యాలెండరు చూపించి, ఇది చాలప్పా, రెండంకెలు చాలు, కాలు మాత్రం కళ్లతో చూసుకోండి అని బతిమాలాడు. సంఘం ఆ సూచనను రికార్డు చేసుకుంది. అనంతరం, మూడు నెలల సగటు పరీక్షకు కనీసం మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలని డాక్టర్లను కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ తీర్మానం మీద నలభై ఎనిమిది సంతకాలున్నాయి. పదిహేడోది ఈ నివేదిక రాస్తున్న వాడిది. మా రిజిస్టరులో పాదాల కాలమ్ వచ్చే ఉగాది దాకా నిండి ఉంది కాబట్టి, ఇది రాయడానికి ఇంత తీరిక దొరికింది. దీన్ని కూర్చుని చదవడానికి తమకూ తీరిక దొరికిందంటే, తమరి రిజిస్టరు ఎందాకా నిండిందో మేం అడగం.