మా ఆవిడ థైరాయిడ్, నా వైద్యం

ఇంటికో థైరాయిడ్ ఉండాలండీ! లేని ఇళ్ళను చూస్తే నాకు జాలి. అక్కడ భార్య అలిసిపోతే కారణం వెతకాలి. కోప్పడితే భర్త తన తప్పేమిటో ఆలోచించాలి. ఎంత చాకిరీ!

మా ఇంట్లో ఆ బాధ లేదు. రెండేళ్ళ కిందట మా ఆవిడ సాజిదాకు థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. అప్పట్నుంచి నాకు రోజూ పండగే! కూర మాడిందా? థైరాయిడ్. దాచేపల్లిలో వాళ్ళమ్మను చూసొస్తానని పట్టుబట్టిందా? థైరాయిడ్. మిరపకాయలు ఏరే కూలీలకు టీ చెప్పడం నేను మరిచిపోయానా? అదీ ఆమె థైరాయిడే!

మొన్న ఫిబ్రవరిలో రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ ఐదు లోపు ఉండాలట, ముప్పై ఎనిమిది ఉంది. అంటే థైరాయిడ్ తెగ పెరిగిపోయిందన్నమాట! చేలో నీళ్ళు ఎక్కువైతే ఏం చేస్తాం? మోటారు కట్టేస్తాం. నేనూ ఆమె రోజూ వేసుకునే మాత్రలు ఆపించేశాను. ముప్పై ఏళ్ళుగా మిర్చి వేస్తున్నవాణ్ణి, ఎక్కువేదో తక్కువేదో నాకు ఒకరు చెప్పాలా?

"ఓపిక ఉండట్లేదండీ" అంది సాజిదా.

"ఎక్కువైంది కదా, దిగేదాకా అంతే" అన్నాను. ఎంత ధీమా!

ఏప్రిల్‌లో కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి స్వెట్టరు వేసుకుని కూర్చుంది. పక్కన కూలీలు కొంగులతో విసురుకుంటున్నారు. నేను మురిసిపోయాను. ఎండ తగలని భార్య ఎంతమందికి దొరుకుతుంది? ఇంట్లో ఫ్యాను మొత్తం నాకే!

ఆ మధ్యాహ్నమే ఆమె కాయల రాశి మీద వాలిపోయింది. నా ధీమా అక్కడే జారిపోయింది. కారులో గుంటూరు చేరేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

డాక్టర్ అనిల్ కుమార్ గారు రిపోర్టు చూసి నావైపు చూశారు. "మీరా హుస్సేన్ గారూ, పెరిగింది థైరాయిడ్ కాదండీ. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ పంపే కబురు. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే, ఇంకా తయారుచెయ్యమని మెడలోని గ్రంథికి కబురు మీద కబురు పంపుతుంది. సరిపడా ఉంటే తగ్గిస్తుంది. కబురు ఇంత పెరిగిందంటే గ్రంథి చేతులెత్తేసినట్టు. మీరు ఉన్న మాత్ర కూడా ఆపారు."

మాత్ర మళ్ళీ మొదలైంది. సాజిదా మెల్లగా కోలుకుంటోంది. నేను మాత్రం ఆశ్చర్యంలోంచి తేరుకోలేదు. ఏం ఏర్పాటండీ అది! కింద కాస్త తగ్గితే పైన తెలిసిపోతుంది, వెంటనే కబురు వెళుతుంది. ఒకే ఒంట్లో ఒకరి మాట ఒకరు ఇంత చక్కగా వింటారా?

ఈ మాటే సాజిదాతో అన్నాను. ఆమె మాత్ర మింగి గ్లాసు కింద పెట్టింది.

"ఓపిక లేదని రెండు నెలలు నోటితో చెప్పాను. మీరు కాయితాన్ని నమ్మారు. దాన్నీ తిరగేసి చదివారు."

పాఠకుల్లో మగవాళ్ళెవరికైనా దీనికి జవాబు తోస్తే రాసి పంపండి. ఇంట్లో ఆడవాళ్ళని మాత్రం అడక్కండి. వాళ్ళు ఇప్పటికే చాలాసార్లు చెప్పారట!