బాబాయ్‌తో పాటు గదంతా

పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి ఒక్క పని చేసేసి, ఆ తర్వాత కాఫీ పట్టుకుని ఓ మూల కూర్చుని తనివితీరా ఏడవాలని కొత్తమ్మాయి అనుకుంది. పని చిన్నదే. కిందటి వారం పోయిన బాబాయ్ పేరును కంప్యూటర్లోని ఆఫీసు డైరెక్టరీలో "ఉద్యోగులు" అనే కొమ్మలోంచి తీసి "వెళ్ళిపోయినవాళ్ళు" కొమ్మలో పెట్టాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళెవరో ఆ పని చేయడం ఇష్టం లేక, మేనేజర్‌ను బతిమాలి మరీ తీసుకుంది. ఆఫీసంతా ఆయన్ను బాబాయ్ అనే పిలిచేది. ఆమెకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆయనే.

పేర్లు మార్చే ఫంక్షన్లు, అంటే ఆ బుల్లి ప్రోగ్రాములు కూడా ఆయన రాసినవే. "డైరెక్టరీలో పేరంటే ఉత్త పేరు కాదమ్మడూ," అనేవారు. "మనిషి, గది, విభాగం, కంపెనీ, అన్నీ వరసగా అతికితేనే పేరు. ముందు ముక్క కత్తిరించావనుకో, మనిషి పోయి గది మిగులుతుంది. జాగ్రత్త!"

ఆ ముందు ముక్క ఇప్పుడు బాబాయ్ పేరు. అది చూడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మసకలోనే, పేరు మొత్తాన్ని ఇచ్చే ఫంక్షన్‌కు బదులు ముందు ముక్క కత్తిరించేదాన్ని పిలిచి, టక్కున ఎంటర్ నొక్కేసింది. మనిషి పేరు తెగి గది పేరు మిగిలింది; అందులో కూర్చునేవాళ్ళందరితో సహా గది గదంతా వెళ్ళిపోయినవాళ్ళలో చేరిపోయింది.

ఆ కొమ్మలో చేరినవాళ్ళకు సిస్టమ్ తనంతట తానే ఓ మెయిల్ పంపుతుంది: "ఇన్నాళ్ళ మీ సేవలకు కృతజ్ఞతలు. ఇక సెలవు."

అకౌంటెంట్ అది చదివి దిగ్గున లేచి మేనేజర్ మీదికి వెళ్ళాడు. "పోతే పోయింది వెధవ ఉద్యోగం! ఇన్నేళ్ళూ మీ జోకులకు నవ్వానా? ఒక్కదానికీ నవ్వు రాలేదు సార్!"

మేనేజర్ నీరసంగా తన ఫోన్ తిప్పి చూపించాడు. "నన్నూ పీకేశారయ్యా." ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఒక్కదానికీ రాలేదా?" అన్నాడు.

"ఒకటి రెండు... పర్లేదు సార్."

ఈలోగా రిసెప్షన్ అక్క ఎన్నిసార్లు కార్డు పెట్టినా తెరుచుకోని తలుపును దబదబా బాదుతోంది. "ఇదేం చోద్యం! ఉద్యోగం పీకినవాళ్ళని ఇంటిక్కూడా పోనివ్వరా?"

"మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశా," అన్నాడు అకౌంటెంట్, కుర్చీలో కూలబడి. "బాబాయ్ ఉంటే ఇలా జరగనిచ్చేవాడా, అంటోంది."

తలుపు చప్పుడు ఆగిపోయింది. అంత్యక్రియల రోజు మొహమాటానికి ఆపుకున్న ఏడుపంతా గదిలో ఒక్కసారిగా బయటపడింది. ఉద్యోగం కోసం ఎవరు ఏడుస్తున్నారో, బాబాయ్ కోసం ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు.

"నేనే! నేనే కత్తిరించేశా!" అంటూ కొత్తమ్మాయి వెక్కుతూ లేచి నిలబడింది.

తిట్టే ఓపిక ఎవరికీ లేదు. ఆమె డైరెక్టరీకి దాచి ఉంచిన నిన్నటి కాపీ తెచ్చి ఎక్కించింది. తలుపు తెరుచుకుంది. అందరూ తిరిగి ఉద్యోగులయ్యారు. మూలనున్న ఖాళీ టేబుల్ మీది ఫోన్ కూడా వెలిగింది. దాని మీద బాబాయ్ పేరు.

"ఈసారి సరిగ్గా చేస్తాను సార్," అంటూ ఆమె మౌస్ పట్టుకుంది. చెయ్యి కదల్లేదు.

"ఉండనీ తల్లీ," అన్నాడు మేనేజర్. "ఇవాళ్టికి ఉండనీ."

వారానికోసారి హాజరు చూసే సిస్టమ్ మర్నాడు మేనేజర్‌ను అడిగింది: బాబాయ్ రాలేదు, సెలవు పెట్టలేదు, కారణం తెలపండి.

మేనేజర్ "సొంత పని" అని రాసి, సెలవు మంజూరు చేశాడు.