తువ్వాల, చీర, మేకపోతు

మంగళవారం పొద్దున గిరిబాబు వేసుకున్న లెక్క ఇది: తొమ్మిదింటికి అమీర్‌పేటలో మెట్రో దిగి ఫైలు మూడు కాపీలు జిరాక్స్ తీయించాలి, పదికల్లా పంజాగుట్ట ఆఫీసు చేరాలి, పదకొండుకు వచ్చే తనిఖీ అధికారి ముందు ఫైలు పెట్టాలి. ఆ ఫైలులో ఉన్నది బోరబండలోని ఒక ఎగువ గల్లీకి మంచినీళ్ల ఫిల్టరు. అరవై ఇళ్లు. తనిఖీ గట్టెక్కితే ఫిల్టరు వస్తుంది. లేకపోతే ఆ ఇళ్లవాళ్లు క్యాన్లు మోస్తూనే ఉంటారు.

గిరిబాబు సంస్థకు విదేశీ నిధులు వస్తాయి. ఈ ఏడాది నిధులిచ్చేవాళ్లు నీళ్లకు, వైద్యానికి, చదువుకు, ఒక్కో రంగానికి విడివిడిగా అవినీతి నిరోధక నిబంధనలు చేర్చారు. నీళ్లకు సంబంధించి నాలుగో నిబంధన: బస్తీవాళ్ల దగ్గర ఏదీ తీసుకోకూడదు. వాళ్లు ఇవ్వబోయిన ప్రతి వస్తువునూ వేళతో సహా రిజిస్టరులో రాయాలి.

ఆఫీసు మెట్ల మీద కాంతవ్వ కూర్చుని ఉంది. ఎగువ గల్లీ తరఫున దరఖాస్తు పెట్టింది ఆమే. చేతిలో తువ్వాల.

"సారూ, సిరిసిల్లల మా తమ్ముడు నేసిండు. మా కోసం మస్తు తిరిగినవ్. భుజమ్మీద కప్పుత, జర వంగు."

"వద్దవ్వా. రూల్ ఒప్పుకోదు."

"రూలేంది? మా నేతోళ్లు బట్ట పెడితె ఎవలన్న కాదంటరా?"

"నేనంటున్న. ఫికర్ జేయకు, ఇంటికి పో."

లోపలికెళ్లి రాశాడు: 10.05, తువ్వాల, తిరస్కరించడమైనది.

కాంతవ్వ మెట్ల దగ్గరే నిలబడి ఆలోచించింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఏదో ఒక కాగితం కోసం ఏదో ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంది. వద్దన్న ప్రతివాడూ ఇచ్చింది చాలదనే వద్దన్నాడు తప్ప, నిజంగా వద్దన్నవాడు ఆమెకు తగల్లేదు. అరగంటలో చీర కొనుక్కొచ్చింది.

"మీ ఇంటామెకు పెట్టు సారూ."

"నాకింక పెండ్లే కాలేదవ్వా."

"అయితది గదా. దాసిపెట్టు."

"దండం పెడత, తీస్కపో."

10.35, చీర, తిరస్కరించడమైనది.

కాంతవ్వ గల్లీ పెద్దమనిషి హనుమాండ్లుకు ఫోన్ చేసింది. "అన్నా, చీర సుత కాదంటుండు. మనిషి పెద్ద లెక్కనే ఉన్నడు."

"గట్లనా? బోనాలకని పెంచిన పోతు ఉన్నది గదా. పట్కొస్తున్న."

పదకొండింటికి తనిఖీ అధికారి తారక్ వచ్చాడు. ఫైలు చూశాడు, రిజిస్టరు తెరిచాడు. పదకొండూ ఇరవైకి హనుమాండ్లు, కాంతవ్వ, మేకపోతు ఆ గదిలోకి వచ్చారు.

"సారూ, తువ్వాల తక్కువైంది, చీర తక్కువైంది. గిదాన్నన్న కాదనకు. గల్లీల ఇంతకంటె పెద్దది లేదు" అన్నాడు హనుమాండ్లు.

గిరిబాబు తారక్ చేతి కింది నుంచి రిజిస్టరు లాక్కుని రాశాడు: 11.20, మేకపోతు, ఒకటి, తిరస్కరించడమైనది.

"ఏంటండీ ఇది? మూడుసార్లు ఇవ్వబోతే మూడుసార్లూ వద్దన్నారా?" అన్నాడు తారక్.

"అవును సార్."

తారక్ లేచి చెయ్యి కలిపాడు. "గిరిబాబు గారూ, నాలుగు రాష్ట్రాలు తిరిగాను. ఎక్కడ చూసినా రిజిస్టరు ఖాళీయే. మీకు నూటికి నూరు వేస్తున్నాను."

"అంటె ఫిల్టర్ అచ్చినట్టేనా?" అంది కాంతవ్వ.

తారక్ పేజీ తిప్పాడు. మార్కులు ఆఫీసుకు వేరు, గల్లీకి వేరు. "ఒక్క పూటలో మూడు ప్రయత్నాలమ్మా. మీ గల్లీ ఎర్ర గడిలో పడుతుంది."

"ఎర్ర గడంటె?"

"లంచం అలవాటున్న చోటని. అలాంటిచోట ముందు అవగాహన, తర్వాతే నీళ్లు."

"లంచం కాదు సార్" అన్నాడు గిరిబాబు. "పని చేసినోళ్లకు బట్ట పెట్టుడు వీళ్ల ఆనవాయితీ."

తారక్ ఫారం పైనుంచి కింది దాకా వెతికాడు. "ఆనవాయితీకి గడి లేదండీ."

హనుమాండ్లు కాంతవ్వ వైపు వంగాడు. "చెల్లె, గీ సారుకు సుత తక్కువైందంటవా?"

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఫిల్టరు వాయిదా పడింది. దాని బదులు ఎగువ గల్లీ అరవై ఇళ్లకు మూడేళ్ల అవినీతి నిరోధక శిక్షణ మంజూరైంది, శిక్షకుడు గిరిబాబు. శిక్షణకు వచ్చేవాళ్లు తాగే నీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని చివర రాసి ఉంది.