ఉసిరివలస కొండముచ్చులు

ఉసిరివలస జనమంతా మొన్న మంగళవారం నుంచి కొండముచ్చులయ్యారు. ఇందులో వింతేమీ లేదు, కోరుకున్నది వాళ్లే. ఊరి కింద ఏదో ఖనిజం ఉందనీ, ఇళ్లు ఖాళీ చేయాలనీ కబురొచ్చింది. మనుషుల్నయితే ఎక్కడికైనా తోలేయొచ్చు. అంతరించిపోతున్న జంతువును కదిలించాలంటే మాత్రం ఢిల్లీ దాకా వెళ్లాలి. పైగా ఆ కొండ మీద ఉండాల్సిన ఆకుతిండి కొండముచ్చులు పోయినేడు కనపడకుండా పోయాయి, లెక్క చూపడానికి అటవీ శాఖవారికీ కొన్ని కావలసొచ్చాయి. గుడ్డి కన్నా మెల్ల నయమని అందరూ సర్దుకున్నారు.

తనిఖీకి రేంజరు కామేశ్వరరావు వచ్చాడు. మంచివాడు, తోకల గురించి ఎవర్నీ అడగలేదు. తిండి దగ్గర మాత్రం పట్టుబట్టాడు. కొండముచ్చు కడుపులో అరలుంటాయనీ, ముదురాకును అందులో పులియబెట్టి అరిగించుకుంటుందనీ వివరించాడు.

"మేవూ ఆకే తింతాం బాబూ. గోంగూర," అంది సూరమ్మ.

"పులియబెట్టేనా?"

"ఏడాదంతా జాడీలో ఊరబెట్టి."

రేంజరు సరేనన్నాడు, తిరగమోత మాత్రం వద్దన్నాడు. తిన్నాక గంటల తరబడి కదలకుండా కూర్చోవాలని ఇంకో నిబంధన ఉంది. ఊళ్లో ఎవరికీ పని లేదు కాబట్టి అందులో అందరూ మొదటిరోజే నెగ్గారు.

మనుషులుగా ఉన్నన్నాళ్లూ కాళ్లరిగేలా తిరిగినా రాని డాక్టరు ఇప్పుడు జీపులో రోజు విడిచి రోజు వస్తున్నాడు. పశువుల డాక్టరే, కానీ హస్తవాసి మంచిది. సూరమ్మ కోడలు పైడితల్లికి ఆయనే పురుడు పోశాడు. ఆడపిల్ల. ఊరి ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ ఎత్తుకుంటుంటే రేంజరు కళ్లు చెమర్చాయి. కొండముచ్చుల్లోనూ పిన్నమ్మలూ పెద్దమ్మలూ పిల్లను అచ్చం ఇలాగే ఎత్తుకుంటారట.

"నూకరత్నం అని పేరు రాయండి బాబూ. దీన్ని బళ్లో ఏస్తాను," అంది పైడితల్లి.

"కొండముచ్చులకి పేర్లూ బళ్లూ ఉండవమ్మా. మనిషని రాయమంటే రాస్తాను. కానీ రేపు పొద్దున్నకల్లా పిల్ల ఊరు ఖాళీ చెయ్యాలి."

"అదొక్కర్తీ ఎక్కడికెల్తాది?"

"అది మా శాఖ పరిధిలోకి రాదమ్మా."

పైడితల్లికి దుఃఖం ఆగలేదు. పిల్ల ఆమె జాకెట్టు పట్టుకుని వదలకుండా ఉంది. దాన్ని రేంజరు మరో శుభలక్షణంగా గమనించాడు.

"కొండముచ్చనే రాసీండి బాబూ," అంది చివరికి. "నా కాడే ఉండనీండి."

రేంజరు రాసుకుని, పిల్లకి టీకా వేయించి, ఊరందరినీ అభినందించి వెళ్లాడు. అదే కబురొచ్చిన పక్క ఊరివాళ్లు పౌరుషం కొద్దీ మేం మనుషులుగానే ఉంటామన్నారు. వాళ్లను ఆదివారం లారీలెక్కించారు.