తోడల్లుడు చూసినవన్నీ

ఆదివారం పెందలాడే బయల్దేరి, రెండు రాజమహళ్ళూ ఆపైన సముద్రతీరమూ చూసి, చీకటి పడ్డాక తాపీగా ఇల్లు చేరడం: తక్కెడాయన వేసుకున్న పథకంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. బండిని తమ దంపతులిద్దరి కోసమే రోజంతటికీ మాట్లాడుకున్నాడు. బండి నడిపేవాడే గైడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. జరగబోయేది ఊహించడానికి ఆ ఉదయం కనిపించిన ఆధారం ఒక్కటే. అది ఆయన మెడకు చుట్టుకున్న పట్టు స్కార్ఫు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాడు. ఊళ్ళో ఏ కొట్టుకు వెళ్ళినా ముందు తక్కెడ ముల్లు వంక, తరువాతే సరుకు వంక చూసే అలవాటు వల్ల వీధిలోవాళ్ళు ఆ పేరు పెట్టారు. దయ్యాలనూ జాతకాలనూ నమ్మడు. దేనికైనా కొలత ఉండాలంటాడు. అంతటి మనిషి తన మనసులోని తక్కెడ పెళ్ళయిన నాటి నుంచి ఒకే వైపుకు ఒరిగి ఉండడం మాత్రం గమనించలేదు. అవతలి తట్టలో కూర్చున్నవాడు తోడల్లుడు, అంటే భార్య అక్క మొగుడు, ఆ ఇంటి పెద్దల్లుడు.

పెద్దల్లుడు ఈయనకంటే ముందు ఇల్లు కట్టాడు, ఈయనకంటే వెనక జుట్టు రాల్చుకున్నాడు. అత్తవారింట ఏ సంభాషణైనా "అదే బావగారైతే" అన్న మాట దగ్గర మలుపు తిరిగేది. తక్కెడాయనకు జీవితంలో పెద్ద ఆశలు లేవు. "బావగారికంటే మీరే నయం" అని భార్య నోట ఒక్కసారి వింటే చాలు. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ మాట అనలేదు.

ఇదే టూరుకు పెద్దల్లుడు పోయిన నెలలో వెళ్ళివచ్చి, రెండు ఫోటోలు పంపాడు. మొదటిదానిలో ఆయన సముద్రానికి వీపు పెట్టి, మెడకు పట్టు స్కార్ఫు చుట్టుకుని, గడ్డం పైకెత్తి, భూమ్మీద ఉన్నవాళ్ళెవరితోనూ తనకు పనిలేనట్టు నిలబడి ఉన్నాడు. ఆ ఫోటోను తక్కెడాయన రోజూ పెద్దది చేసుకుని చూసేవాడు.

"అరవై దాటినవాడి గడ్డం అంత పైకి ఎలా లేస్తుందంటావ్?" అని భార్యను అడిగాడు.

"నన్నడిగితే? మీ అన్నయ్యగారినే అడగండి" అందామె, తోడల్లుణ్ణి ఆయన పిలిచే వరసతో. ఆమె చూస్తున్నది రెండో ఫోటో. అందులో అక్క మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, జుట్టు రేగిపోయి, చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆ ఫోటోను తక్కెడాయన చూడనేలేదు. దానిలో పెద్దల్లుడు లేడు.

"నాకూ ఆ మహల్లో అద్దాల గది చూడాలనుందండీ. ఆ తర్వాత కాసేపు సముద్రంలో నిలబడాలనుంది. అంతే" అందామె.

ఆయన అప్పటికే తోడల్లుణ్ణి తిప్పిన గైడుకు ఫోను చేస్తున్నాడు. "చూడండీ, మా తోడల్లుడుగారికి చూపించినవన్నీ మాకూ చూపించాలి. ఎక్కడ ఆగారో అక్కడే ఆగాలి. ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు."

"అన్నీనాండీ?"

"అన్నీ."

"ఆ రోజు కార్యక్రమం కొంచెం వేరేగా నడిచిందండి. మామూలుగా మేం చూపించేది..."

"మామూలు మాకొద్దు."

"వేరేగా ఎందుకైందో చెప్పడానికి లేదు సార్. ఒక పార్టీ సంగతి ఇంకో పార్టీకి చెప్పకూడదు. మా పనికి అదొక్కటే నియమం."

"మిమ్మల్ని చెప్పమనలేదు, చూపించమన్నాను" అని ఫోను పెట్టేశాడు.

భార్య ఏదో చెప్పబోయింది. ఆయన ముఖం చూసి, ఎందుకో, మానుకుంది. ఆయన వాదం ఆయనకు స్పష్టంగా ఉంది. రెండు వస్తువులను పోల్చాలంటే రాళ్ళు ఒకటే అయి ఉండాలి. తాను ఎక్కువ చూస్తే, అది వేరే టూరు అని పెద్దల్లుడు కొట్టిపారేస్తాడు. కాబట్టి అవే చోట్లు చూడాలి, అంతకంటే బాగా చూడాలి. ఆ సాయంత్రమే వెళ్ళి అలాంటి స్కార్ఫు కొన్నాడు. కొట్లో అమ్మాయి "సార్, ఇది..." అని మొదలుపెడితే, "నాకు తెలుసు" అని పొట్లం కట్టించుకున్నాడు. అద్దం ముందు నిలబడి రాత్రి భోజనం వేళదాకా గడ్డం పైకెత్తడం సాధన చేశాడు.

ఆదివారం గైడు వారిని మహలు దగ్గరకు తీసుకువెళ్ళి, ప్రధాన ద్వారం దగ్గర ఆపకుండా, పక్క సందులో సైకిళ్ళు పెట్టుకునే చోట బండి ఆపాడు. ఎదురుగా ఎత్తయిన రాతిగోడ. గోడ మీద "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అన్న బోర్డు. గోడ పక్కన చిన్న ఇనపగేటు.

"ఇక్కడేనండి" అన్నాడు గైడు నేల చూపులు చూస్తూ.

"మహలు అటుంది కదా?" అంది భార్య.

"ఆ రోజు ఇక్కడే ఆగామండి. చాలాసేపు."

తక్కెడాయన గోడ వంక ఆరాధనగా చూశాడు. ఈర్ష్యలో ఒక సద్గుణం ఉంది. అది ఎదుటివాడి తెలివిని ఎన్నడూ శంకించదు. "చూశావా పనితనం? రాయికీ రాయికీ మధ్య సున్నం కనిపించడం లేదు."

"ఏమండీ, అద్దాల గది?"

"గైడుగారూ, మా తోడల్లుడుగారు అద్దాల గది చూశారా?"

"లేదండి."

"విన్నావుగా! అద్దాలు ఎవడైనా చూస్తాడు. గోడ చూడాలంటే విషయం తెలియాలి."

గైడు ఇబ్బందిగా కదిలి, మౌనంగా ఉండడం తన వృత్తికి మచ్చ కాబట్టి, "లోపల కొలను కూడా ఉందండి. రాణిగారి కన్నీళ్ళతో నిండిందంటారు" అన్నాడు.

"లోతెంత?"

"నిలువెత్తు ఉంటుందండి."

"నిలువెత్తా! ఆ లెక్కన ఆవిడ పుట్టిన దగ్గర్నుంచీ నిద్రాహారాలు మానేసి ఏడ్చి ఉండాలి. ఏ మనిషైనా చేయగలిగిన పనేనా?"

"ఆవిడ ఏడ్చిందీ అందుకేనటండి" అన్నాడు గైడు.

ఇంతలో ఇనపగేటు తెరుచుకుని కాపలాదారు తల బయటపెట్టాడు. గైడును గుర్తుపట్టి, "ఏంటి, ఈయన కూడా టిక్కెట్ల వరసలో నిలబడరా?" అన్నాడు.

తక్కెడాయన ఛాతీ ఉబ్బింది. "మా అల్లుళ్ళం ఎవరమూ వరసలో నిలబడం."

"సరే, ఇక్కడే నిలబడండి" అని కాపలాదారు గేటు మూసేసుకున్నాడు.

భార్య బండికి ఆనుకుని నిట్టూర్చింది. తక్కెడాయన స్కార్ఫు సవరించుకుని గోడ ముందు నిలుచున్నాడు. "ఫోటో తీయండి. గడ్డం సరిపోయిందా?"

"బాగుందండి."

"మా తోడల్లుడి గడ్డం ఇంతకంటే పైకుందా?"

గైడు నిజం చెప్పే మనిషి. "కొంచెం పైకే ఉందండి."

ఆయన గడ్డం ఇంకాస్త లేపాడు. "ఇప్పుడు?"

"దగ్గరికొచ్చిందండి."

"దగ్గరికి రావడం కాదు, దాటాలి" అంటూ ఆయన తల ఒక్క ఊపున వెనక్కి విసిరాడు. మెడలో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఫోటో అద్భుతంగా వచ్చింది. తల మాత్రం తిరిగి రాలేదు.

"ఏమండీ! ఇటు చూడండి!"

"చూడలేను" అన్నాడాయన ఆకాశంతో.

ఇద్దరూ చెరో భుజం పట్టుకుని ఆయనను బండిలో కూర్చోబెట్టారు. గైడు గొంతు సవరించుకున్నాడు. "సార్, మన కార్యక్రమంలో సాయంత్రానికి ఒక చోటుంది. మీరు సరేనంటే దాన్ని ముందుకు జరుపుతాను."

"ఏం చోటు?"

"ఎముకల డాక్టరుగారి క్లినిక్కండి."

"అది... కార్యక్రమంలోనే ఉందా?"

"మీరే కదండీ, ఒక్కటి తగ్గకూడదన్నారు."

"మా తోడల్లుడు అక్కడికెందుకు వెళ్ళాడు?"

"చెప్పకూడదండి" అని గైడు బండి తీశాడు.

క్లినిక్కు చిన్నదే, శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ మెడ నొక్కి చూసి, నరం పట్టిందనీ, మందు రాసి కాపడం పెట్టిస్తాననీ, సాయంత్రందాకా వెల్లకిలా పడుకోవాలనీ, ఆ తరువాత మెడపట్టీ పెట్టుకుని వెళ్ళవచ్చనీ చెప్పింది.

"మరి బండి?" అంది భార్య.

"రోజంతటికీ మాట్లాడారు కదండీ" అన్నాడు గైడు.

"ఆ రోజు మా అక్క ఏం చేసింది?"

"ఒక పార్టీ సంగతి ఇంకో పార్టీకి..."

"సరే, చెప్పకండి. పదండి." ఆమె చేతిసంచీ భుజాన వేసుకుంది. "ఏమండీ, వచ్చాక అన్నీ చెప్తాను. కదలకండేం?"

"నేను లేకుండా అద్దాల గది..." అని ఆయన మొదలుపెట్టేసరికి చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

కాంపౌండరు కాపడం పెట్టడానికి స్కార్ఫు విప్పాడు. గైడుకున్న నియమం కాంపౌండరుకు లేదు. "ఇది తెచ్చుకుని మంచిపని చేశారు సార్. పోయిన నెల ఒకాయన బండిలో నోరు తెరుచుకుని నిద్రపోయి, మెడ పట్టించుకుని వచ్చారు. పట్టీ పెడితే గడ్డం దిగదు కదా! పట్టీ కనబడితే ఫోటోకి బాగుండదని ఒకటే గొడవ. ఆఖరికి వాళ్ళావిడ స్కార్ఫు చుట్టి పంపించాం. అచ్చం ఇలాంటిదే."

"వాళ్ళావిడదా?"

"ఆడవాళ్ళదే కదండీ ఇది. మీదీ అమ్మగారిదేనా?"

"కాదు" అన్నాడాయన. "కొన్నాను."

"ఓహో" అన్నాడు కాంపౌండరు మర్యాదగా.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి తక్కెడాయనకు తోడల్లుడి మీద జాలి కలిగింది. అది ఎంత రుచిగా ఉందంటే, ఆయన కొంచెంసేపు నొప్పి మరచిపోయాడు. ఆ రాజసం మెడపట్టీది! ఆ తీరు నోరు తెరిచి పోయిన నిద్రది! ఈ సంగతి అత్తవారింట ఎలా మొదలుపెట్టాలో వాక్యాలు కూర్చుకుంటుండగా, తాను పడుకున్నది కూడా బహుశా అదే మంచమని తోచింది. వాక్యాలు విడిపోయాయి.

ఆ తరువాత చేయడానికి పైకప్పు చూడడం తప్ప పనిలేదు. పైకప్పు మీద వాన నీరు దిగిన మరక ఒకటుంది. అందులో ఒక అఖాతం, ఒక అగ్రం, విడిగా రెండు దీవులు ఉన్నాయి. ఆ రోజు పగలు ఆయన సవిస్తరంగా చూసిన సముద్రతీరం అదే. దాన్ని కంటితో కొలుస్తూ ఉండగా ఈర్ష్య మెల్లగా పాత చోటు వదిలి కొత్త చోటుకు చేరింది. అద్దాల గదిలో భార్య నిలబడి ఉంటుంది. ఒక్కో అద్దంలో ఒక్కో భార్య. ఇంతమంది మహలు చూస్తుంటే తాను ఒక్కడూ మరక చూస్తున్నాడు. గైడు ఆమెకు రాణిగారి కన్నీళ్ళ కథ చెబుతూనే ఉంటాడు. లోతెంతని అడిగే నాథుడు అక్కడ ఉండడు.

ఎండ వాలాక ఆమె వచ్చింది. జుట్టు రేగిపోయింది, చెప్పుల్లో ఇసుక, బట్టల అంచు మోకాలిదాకా తడి. గదిలోకి ఉప్పుగాలి వాసన వచ్చింది.

"చూశావా?" అన్నాడాయన పైకప్పుతో.

"చూశాను" అందామె. ఆ ఒక్క మాటలో ఆయనకు ఒక రోజంతా వినిపించింది.

మెడపట్టీ పెట్టి, దాని మీద స్కార్ఫు చుట్టి, ఆయనను చివరి చోటుకు తీసుకువెళ్ళారు. సముద్రం కింద ఉంది, ఆయన చూపు పైన ఉంది. రెండు పక్షులు మాత్రం కనిపించాయి. గైడు ఫోటో తీశాడు. గడ్డం ఎత్తులో పెద్దల్లుడికీ ఆయనకూ ఇప్పుడు వెంట్రుకవాసి తేడా లేదు.

ఫోటో పంపిన కొంచెంసేపటికే, తిరుగుదారిలో ఫోను మోగింది. భార్య దాన్ని ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ఏమోయ్ తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు. "ఫోటో చూశాను. దివ్యంగా ఉంది."

"మీదాని ముందు ఏపాటిది అన్నయ్యగారూ."

అవతల చిన్న దగ్గు. "స్కార్ఫు ఎడమవైపు కాస్త జారింది. తెల్లగా కనబడుతోంది. ఇంకెవరికైనా పంపే ముందు పైకి లాక్కో."

"అలాగే."

"కాపడం పెట్టారా?"

"పెట్టారు."

"కాంపౌండరు వాగుడుకాయ. వాడి మాటలు పట్టించుకోకు" అని ఆయన ఫోను పెట్టేశాడు.

భార్య ఫోను సంచీలో వేసుకుంది. "నీకు ముందే తెలుసు" అన్నాడు తక్కెడాయన.

"అక్క చెప్పింది. బావగారి మెడ పట్టాకే దాని టూరు మొదలైందట. అంతకుముందంతా వరసలో నిలబడనని ఆ గేటువాడితో గొడవే. తీరా మెడ పట్టేవేళకి మహళ్ళు మూసేశారు. పాపం దానికి దక్కింది మోకాలి లోతు సముద్రం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరడిగింది అన్నయ్యగారు చూసినవి కదా! నేను చూడాలన్నవి కాదుగా." ఆమె చెప్పులు విప్పి, ఇసుక దులిపి, హాయిగా వెనక్కి వాలింది. కొంతసేపటికి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "మీకు మెడ పొద్దున్నే పట్టేసింది. అద్దాల గది చూశాను, కొలను చూశాను, రెండో మహలు చూశాను, సముద్రంలో తనివితీరా నిలబడ్డాను. ఉన్నమాట చెప్పాలి కదండీ, బావగారికంటే మీరే నయం."

ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన ఆ మాటకు వినయంగా తల వంచుదామని ఆయన ప్రయత్నించాడు గాని, మెడపట్టీ ఒప్పుకోలేదు.