బోణీకి పోయిన మేజోడు

ఆ రోజు పొద్దున శ్యాంసుందర్ చేయవలసిన పని ఒక్కటే. పద్మలత అల్లిన మేజోడును తీసుకెళ్ళి భద్రమ్మ ఊలు దుకాణంలో చూపించి, దాని రంగుకు సరిపోయే ఉండ ఒకటి కొని ఇంటికి పంపడం. పసిపిల్లలు కూడా చేయగల పని కాబట్టే, పద్మలత భర్తకు మళ్ళీ మళ్ళీ చెప్పింది.

"ఇగో, వింటాన్నరా? ఒక సాక్సు అయిపోయింది. రెండోదానికి వేళ్ళ కాడికొచ్చేసరికి ఊలు ఒడిసింది. రంగు జర కూడ తేడా రావొద్దు. అన్న పగటి బండికి దిగుతడు."

"ఫికర్ చేయకు. దుకాణం తెరిచి, ఊదుబత్తి పెట్టి, అటునుంచి అటే పోత."

"ముందుగాల ఊలు. తర్వాత దుకాణం."

"దుకాణం తెరవకుంట పొద్దుగాల యాడికన్న పోతారా?" అన్నాడు శ్యాంసుందర్. అనర్థమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

పద్మలత అన్న వెంకట్రాజం డోర్నకల్‌లో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. చక్కెర జబ్బు మనిషి. కాలి వేలికి పుండు లేచింది. బజారులో దొరికే మేజోళ్ళకు వేళ్ళ దగ్గర అడ్డంగా కుట్టు ఉంటుంది, అది పుండుకు రాసుకుంటుంది. కుట్టు లేని మేజోడు కావాలంటే చేత్తో అల్లాల్సిందే. పద్మలత తల్లి వెనకటికి అలాగే అల్లేది. మడమ దగ్గర అల్లికను అటూ ఇటూ తిప్పుతూ, వరుసకింత తగ్గిస్తూ గిన్నెలా మలిచేది. వేళ్ళ దగ్గర సూదిమీది ఉచ్చులను ఎదురెదురుగా ఒకదానితో ఒకటి కలిపి, ఎక్కడ మూసిందో తెలియకుండా మూసేది. తల్లి పోయాక ఆ విద్యను పద్మలత చేతివేళ్ళు గుర్తుతెచ్చుకోవాల్సి వచ్చింది. వానలప్పుడు మొదలుపెట్టింది. మడమ కుదరక అల్లిందంతా ఎన్నిసార్లు విప్పిందో లెక్కలేదు. ఇప్పుడు చలికాలం వచ్చింది.

మధ్యలో ఒకసారి ఆమె, "దుకాణంల ఒక మూల నాకియ్యరాదుండ్లి, కూసోని అల్లుకుంట, నాలుగు జతలు అమ్ముకుంట," అని అడిగింది. శ్యాంసుందర్ పగలబడి నవ్వి, "వరంగల్ ఎండలకు ఉన్ని సాక్సులు ఎవడు తొడుగుతడే? అయినా జాగేది?" అన్నాడు. ఆ నవ్వుకు శిక్షగా చాలా రోజులు ఇంట్లో మాటల్లేవు. ఈ మధ్యే మళ్ళీ మొదలయ్యాయి. అలాంటి మనిషి చేతికి ఆమె ఆ మేజోడు ఇచ్చిందంటే, అది ఊలు కొనడానికి మాత్రమే కాదని శ్యాంసుందర్‌కు కూడా తెలుసు. అందుకే దాన్ని మడతపెట్టి, భద్రంగా తీసుకెళ్ళి, తువ్వాళ్ళ పక్కన బల్లమీద పెట్టాడు.

కాశిబుగ్గలో శ్యాంసుందర్‌ది తువ్వాళ్ళు, జంపఖానాల దుకాణం. ఊదుబత్తి వెలిగించి వెనక్కి తిరిగేసరికి మొగిలమ్మ నిలబడి ఉంది. కేసముద్రం దగ్గర పల్లెనుంచి వచ్చిన మనిషి. బిడ్డకు కాన్పయి దవాఖానలో ఉందట. జంపఖానా వేశాడు, చూడలేదు. తువ్వాళ్ళు పరిచాడు, ముట్టుకోలేదు. ఆమె చెయ్యి తిన్నగా మేజోడు మీదికి పోయింది. పిడికిలి లోపలికి దూర్చి మడమ దాకా తోసింది.

"సావుకారీ, గిదెంత?"

"అది అమ్మేది కాదవ్వా."

"మా మనుమడు రాత్రి పుట్టిండు. చలికి గజగజ వణుకుతాండు. వాని తల గిండ్ల సక్కగ కూసుంటది. గిదే గావాలె."

"అవ్వా, అది సాక్సు. గదీ ఒక్కటే ఉన్నది."

"వానికి మాత్రం తలకాయలు రెండున్నయా?"

శ్యాంసుందర్ మళ్ళీ ఒక తువ్వాలు ముందుకు జరిపాడు. మొగిలమ్మ "అయితే వద్దు తియ్యి," అని మెట్టు దిగబోయింది. ఎదురుగా గిన్నెల దుకాణం మొండయ్య, బజారు సంఘం పెద్ద, చేతిలో ఊదుబత్తితో అటే చూస్తున్నాడు. బోణీ బేరాన్ని వట్టిచేతుల్తో పంపడం శ్యాంసుందర్ తాతల నాటినుంచి ఎరగని పని. పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాలని తండ్రి చెప్పేవాడు. ఆ క్షణంలో అతనికొక గొప్ప ఆలోచన వచ్చింది. ముందు అమ్మేస్తే బోణీ అయిపోతుంది. ఆ తర్వాత వెనకే వెళ్ళి బతిమాలి కొనుక్కుంటే, అది మామూలు బేరమవుతుంది. బోణీకి బోణీ, మేజోడుకు మేజోడు.

మొగిలమ్మను వెనక్కి పిలిచి మేజోడు చేతిలో పెట్టాడు. డబ్బు కళ్ళకద్దుకుని, పెట్టెలో వేసి, దేవుడికి దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేసరికి మొగిలమ్మ లేదు.

సందులన్నీ తిరిగాడు. ఆటోల్లోకి తొంగిచూశాడు. అలాంటి చీరే కట్టిన మరో ముసలమ్మను ఆపి తిట్లు తిన్నాడు. కాళ్ళు పీకుతుంటే ఒక అరుగుమీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఊలు దొరికిందా?" పద్మలత.

"ఏడ? భద్రమ్మవ్వ దుకాణం బంద్ ఉన్నది." తానే ఆశ్చర్యపోయేంత సునాయాసంగా వచ్చింది అబద్ధం.

"ఎందుకు బంద్?"

"బాగలేదట. దవాఖానకు తీస్కపోయిండ్లట."

"అయ్యో! మొన్ననే నాతోటి మంచిగ మాట్లాడింది కదా!" అని పద్మలత ఫోన్ పెట్టేసింది. అబద్ధం అంతటితో ఆగిందనుకున్నాడు శ్యాంసుందర్. మేజోడు లేకుండా, అబద్ధంతో ఉత్తచేతులూపుకుంటూ దుకాణానికి తిరిగొచ్చాడు.

బజారంతా షట్టర్లు దిగుతున్నాయి.

"ఏందన్నా, గింత పెద్ద ముచ్చట నాకు చెప్పకుంట ఎటు పోయినవ్?" అన్నాడు మొండయ్య కండువా సర్దుకుంటూ. "భద్రమ్మవ్వ పోయిందట కదా! మీ ఇంటామె మా ఇంటామెకు చెప్పింది."

"పోలేదన్నా... దవాఖానల..."

"తొవ్వలనే అయిపోయిందట పాపం. నువ్వు కూడ షట్టర్ దించు."

పద్మలత దవాఖాన అనే చెప్పింది. అవతలి ఆమె నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు బజారు చేరేలోగా భద్రమ్మ ప్రాణం పోయింది. ఆ బజారులో ఏ దుకాణందారు ఇంట్లో చావైనా అందరూ షట్టర్లు దించి, కలిసి వెళ్ళి దండ వేసి రావాలి. అది సంఘం కట్టుబాటు. నిజం చెబుదామని శ్యాంసుందర్ నోరు తెరిచాడు. నిజం చెబితే మేజోడు సంగతి చెప్పాలి. మేజోడు సంగతి చెబితే పద్మలతకు తెలుస్తుంది. నోరు మూసుకున్నాడు.

"అందరికంటే ముందుగాల నీకే ఎర్కయింది. దండ నువ్వే పట్టు," అన్నాడు మొండయ్య.

గులాబీల దండ పట్టుకుని ముందు శ్యాంసుందర్, వెనక బజారంతా, బజారు కొసన మలుపు అవతలున్న భద్రమ్మ దుకాణం వైపు. తన చావుకు తానే నడుస్తున్నట్టుంది అతనికి. ఏడవాలనిపించింది. ఏడ్చాడు కూడా. "పాపం, శ్యాముకు మనసెక్కువ," అన్నారు వెనకవాళ్ళు.

భద్రమ్మ తన దుకాణం ముందు ఎండలో పీట వేసుకుని కూర్చుని, ఏదో అల్లుకుంటూ ఉంది. అందర్నీ చూసి కళ్ళద్దాలు పైకెత్తింది.

"ఏందిరా శ్యాముగా, నాకు సన్మానమా?"

శ్యాంసుందర్ చేతులు వాటంతటవే లేచి ఆమె మెడలో దండ వేశాయి. సంఘం పెద్దగా ఏళ్ళ తరబడి అలవాటైన మొండయ్య గబుక్కున చప్పట్లు కొట్టాడు. బజారంతా కొట్టింది. "గిన్నేండ్లకు యాదికొచ్చిన్నారా మీకు?" అని భద్రమ్మ మురిసిపోయి, అందరికీ చాయ్ చెప్పింది.

చావు కబురు తిరిగి తన చెవినా పడి, కళ్ళు తుడుచుకుంటూ ఆటో దిగిన పద్మలత చూసింది ఆ దృశ్యాన్నే. పూలదండతో చాయ్ తాగుతున్న భద్రమ్మ. ఆమె పక్కన గొంతుక్కూర్చున్న మొగిలమ్మ. భద్రమ్మ ఒడిలో అరచేతంత టోపీ. దాని నడినెత్తిన గిన్నెలా గుండ్రటి మలుపు.

"గీ మడమ నాది," అంది పద్మలత.

"సావుకారి బోణీకి ఇచ్చిండు బిడ్డా," అంది మొగిలమ్మ. "ముందటిది ఇప్పి టోపీ చెయ్యుమని అవ్వ కాడికి తెచ్చిన. నీదని నాకేమెరుక? తీస్కో."

పద్మలత టోపీని చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో మడమను తడిమింది. ఒక వానకాలమంతా విప్పి అల్లిన మడమ అది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి అవి భద్రమ్మ కోసం కావు. "పిల్లగానికే ఉండనియ్ అవ్వా," అని తిరిగి ఇచ్చేసి, విప్పగా మిగిలిన ఊలును మాత్రం తీసుకుని ఆటో ఎక్కింది. భర్త వైపు చూడనైనా లేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని శ్యాంసుందర్‌కు మొదటిసారి అనిపించింది.

ఒక్క కాలికైనా దక్కాలని, ఆ ఊలుతోనే పద్మలత వేళ్ళ కాడ ఆగిన రెండో మేజోడును పూర్తిచేసి, ఉచ్చు ఉచ్చునూ కలిపి వేళ్ళ దగ్గర మూసింది. ఆఖరి పోగు తెంపుతుండగా వెంకట్రాజం కుంటుతూ గుమ్మంలోకి వచ్చాడు. మేజోడును రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అచ్చం అమ్మ అల్లినట్టే ఉన్నదే చెల్లే! ఒక్కటి చాలు, రెండో కాలికి ఏం కాలే. కాకుంటే..." అని నసిగాడు. "నిన్న డాక్టర్ పుండుకు గాలి తాకాలె, వేళ్ళు మూయొద్దు అన్నడు. గీ ముందటిది జర ఇప్పుతవా?"

మూల నిలబడ్డ శ్యాంసుందర్, ఇదే అదనని, "చూసినవా పద్మా, నేను ఊలు తేకపోవుడే మంచిదైంది," అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. పద్మలత కత్తెర తీసుకుంది. వెంకట్రాజం బావను జాలిగా చూశాడు.

మర్నాడు శ్యాంసుందర్ షట్టర్ ఎత్తి, ఊదుబత్తి వెలిగించి, గద్దెమీద కూర్చున్నాడో లేదో, మెట్టుమీద నీడ పడింది. పద్మలత. చంకలో ఊలు సంచి. బల్లమీద ఒక రూపాయి బిళ్ళ పెట్టింది.

"బోణీ," అంది.

"ఏం... ఏం గావాలె?"

"గా గద్దె."

ఎదురుగా మొండయ్య ఊదుబత్తి పట్టుకుని చూస్తున్నాడు. శ్యాంసుందర్ తువ్వాళ్ళ వైపు చూశాడు, జంపఖానాల వైపు చూశాడు, దేవుడి పటం వైపు చూశాడు. రూపాయిని కళ్ళకద్దుకుని లేచాడు.

ఆ రోజునుంచి శ్యాంసుందర్ నిలబడే వ్యాపారం చేస్తున్నాడు.